పన్నెండో తారీఖున పండగ

ప్రయాణం చేసింది నేను. సెలవు మాత్రం ఇంకొకరిది. ఆ ఇంకొకరు బెల్జియంలో ఉంటారు, నేను ఖమ్మంలో ఉంటాను. మధ్యలో మా తమ్ముడు రమేష్ ట్రావెల్ ఏజెన్సీ ఉంది. ఏజెన్సీ అనగానే పెద్దగా ఊహించుకోకండి. సందులో ఒక షట్టరు, లోపల ఒక టేబులు, రెండు కుర్చీలు. మూడో మనిషి వస్తే నేను లేచి నిలబడాలి. పదేళ్ళుగా కాశీకీ షిరిడీకీ బస్సులు పంపుతున్నాడు తమ్ముడు. ఇప్పుడు ఎవరి టికెట్లు వాళ్ళు ఫోన్లోనే కొనుక్కుంటున్నారు కాబట్టి ఆ రెండు కుర్చీలకు కూడా పని తగ్గింది.

నేను ఇరవై రెండేళ్ళు ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి, ప్రిన్సిపాల్‌తో గొడవపడి మానేశాను. తప్పు ఆయనదే, ఆ సంగతి ఇంకోసారి. ఇంట్లో ఖాళీగా కూర్చుని కనిపించిన ప్రతివాళ్ళతో వాదన పెట్టుకుంటున్నానని తమ్ముడే పిలిచి, విదేశాల వాళ్ళకి ఉత్తరాలు రాసిపెట్టమన్నాడు. ఎవరికి ఏది ఇష్టమో కనుక్కుని, వాళ్ళ కొలతకు బట్టలు కుట్టినట్టు ప్రయాణం కుట్టి ఇవ్వాలన్నది వాడి ఆలోచన. అది నడిస్తే షాపు నిలబడుతుంది, లేకపోతే షట్టరు దించడమే.

అలా రాసిన ఉత్తరాలకు వచ్చిన మొదటి జవాబు ఎల్సాది. ఆమె రిటైరైన డాన్సు టీచరు. భర్త పేరు యాన్. తొమ్మిది రోజులు మన వైపు తిరగాలి. గుళ్ళూ కోటలూ ఎక్కువ వద్దు. మనుషులు తమ కోసం తాము చేసుకునే పండగ ఒకటి చూడాలి. "మా కోసం ఏర్పాటు చేసిన నాట్యాలు చాలా దేశాల్లో చూశాం, అలాంటిది మాత్రం చూపించకండి," అని గట్టిగా రాసింది. యాన్‌కి చూపు తగ్గుతోందట, వచ్చే ఏడాదికి ఎంత మిగులుతుందో డాక్టర్లు చెప్పలేదట.

నాకు వెంటనే కన్నమ్మ గుర్తొచ్చింది. నా దగ్గర ఇంటర్ చదివిన అమ్మాయికి అక్క. దుమ్ముగూడెం అవతల అడవిలో ఒక కోయ ఊళ్ళో ఆశా వర్కరు. మామిడి పండగ ఎప్పుడని ఫోన్లో అడిగితే, "పన్నెండుకల్లా అయితది మేడం, తీస్కొని రండి," అంది. నేను ప్లానులో నాలుగో రోజు గడిలో పన్నెండో తారీఖు వేసి, మామిడి పండగ అని టైపు చేశాను. పండగ గురించి ఒక పేజీ కూడా రాసి, ప్లానుతో కలిపి రెండు పేజీలూ పంపాను. అందులో ఒక వాక్యం ఇది: ఈ పండగ చేసేదాకా కోయవాళ్ళు కొత్త మామిడికాయను నోట పెట్టరు.

ఆ వాక్యం రాసింది నేనే. మీరు గుర్తుంచుకోండి, నేను మర్చిపోయాను.

వాళ్ళు తొమ్మిదిన దిగేలా టికెట్లు కొనేశాక నాకు అనుమానం మొదలైంది. పన్నెండుకల్లా అంటే పన్నెండునా, పన్నెండు లోపలా, పన్నెండుకు అటూ ఇటూనా? కన్నమ్మ ఫోను కలవదు. అన్నం సయించదు. నా మొహం చూడలేక తమ్ముడు యాకూబ్ కారు మాట్లాడి, వెళ్ళి కళ్ళతో చూసి రమ్మన్నాడు. ఒకటో తారీఖు పొద్దున బయల్దేరాను.

పెనుబల్లి

ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్ళేవాళ్ళు పెనుబల్లి మీదుగా వెళ్ళరు. నేను వెళ్ళాను, పుట్టిల్లు అక్కడ కాబట్టి. ఒకరింటికి ఒట్టి చేతులతో వెళ్ళడం మా వైపు అలవాటు లేదు. వదిన తోటలో మొదటి కాపు కోయించి ముక్కల పచ్చడి కలిపి ఉంచింది. పుల్లటి కాయ, కొత్త కారం, ఆవపిండి, చెయ్యి ఆగకుండా పోసిన నూనె. రెండు సీసాలు కట్టి ఇచ్చింది.

పని ఏమిటో చెబితే వదిన మూతి తిప్పింది. అంత దూరం నుంచి వచ్చేవాళ్ళకి మన తోటలు చూపించకూడదా అని అడిగింది. మామిడి చెట్లు చూడ్డానికి ఎవరొస్తారని నేనన్నాను.

"మరి కోయోళ్ళ మామిడి చెట్టు కోసం వస్తన్నారుగా. మనింట్లో పచ్చడి పెట్టే రోజు పండగ కాదా ఏంటి? ఆ రోజు నా నడుం సంగతి కూడా రాయి వాళ్ళకి."

వాదనలో నేను ఓడిపోయేది మా వదిన దగ్గర ఒక్కచోటే. సీసాలు తీసుకుని కారెక్కాను.

బూర్గంపాడు

యాకూబ్‌కి యాభై దాటాయి. తమ్ముడి బస్సులు నడిపి నడిపి, ఇప్పుడు సొంత కారు కొనుక్కున్నాడు. పాల్వంచలో టీ తాగాం, పదిహేను రూపాయలు. గ్లాసు చిన్నది, వేడి పెద్దది. నేను ప్లాను కాగితం తీసి చదవడం, మడవడం, మళ్ళీ తీయడం చూసి అతను ఊరుకోలేకపోయాడు. "మేడం, గా కాయితం ఇంకో రెండుసార్లు ఇప్పితే చినుగుతది. చినిగినంక పండగ మారుతదా?" అన్నాడు.

బూర్గంపాడు దగ్గర రోడ్డు పక్కన తాటి ముంజెలు కనిపిస్తే ఆపించాను. డజను వంద అంది అమ్మేమనిషి. ఖమ్మంలో నూట యాభైకి తక్కువ లేదని నాకు తెలుసు, అయినా ఎనభై అన్నాను. బేరం చెయ్యకపోతే నాకు ఊపిరాడదు. ఆమె కత్తి కూడా ఆపకుండా, "ఖమ్మంల నీడకు కూసొని అమ్ముతరు. నేను ఎండల కూసున్న. ఎండకియ్యవా పైసలు?" అంది. వంద ఇచ్చాను. ముంజెలు లేతగా, చల్లగా ఉన్నాయి. సగం యాకూబే తిన్నాడు. తింటూ అడిగాడు, ఆ దొరలకు మన దగ్గర ఏం కనిపిస్తుందని. నా దగ్గర రెండు పేజీల జవాబు ఉంది గాని, ఇంకో ముంజె ఒలిచి అతని చేతిలో పెట్టాను.

భద్రాచలం

బ్రిడ్జి దాటితే భద్రాచలం. నవమి రద్దీ. లాడ్జీల వాళ్ళు రేట్లు రెండింతలు చేసి కూర్చున్నారు. ఎల్సా వాళ్ళ కోసం చెప్పి ఉంచిన గది చూశాను. బాత్రూం గడియ పడదు. మేనేజరుతో అరగంట వాదించాను. లోపల ఉన్నవాళ్ళు పాట పాడుకుంటే సరిపోతుందన్నాడు. గడియ వేయించేదాకా కౌంటరు దగ్గర్నుంచి కదల్లేదు. పెట్టించుకుని లోపలికి వెళ్ళాక, పండగే లేకపోతే ఈ గడియ ఎవరి కోసం అని దిగులేసింది.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. వాడికి ఒక ఉపాయం తట్టిందట. కొమ్ముల తలపాగాలు, డోళ్ళు, డ్రెస్సులు అన్నీ ఉన్న ట్రూపు ఒకటి ఉందట, ఏ తారీఖు చెబితే ఆ తారీఖున ఎక్కడంటే అక్కడికి వచ్చి పండగ చేస్తారట.

"వాళ్ళకెలా తెలుస్తుందక్కా?"

"నాకు తెలుస్తుంది కదరా."

గొప్పగానే అన్నాను. కాని ట్రూపు వాళ్ళ నంబరు అడిగి, ప్లాను కాగితం వెనక రాసుకున్నాను. ఆ పని కూడా చెప్పకపోతే ఈ కథనం అబద్ధమవుతుంది.

దుమ్ముగూడెం దాటాక

రెండో తారీఖు పొద్దున్నే బయల్దేరాం. దుమ్ముగూడెం దాటి కొంతదూరం పోతే తారు సన్నబడి, అడవి దగ్గరికొస్తుంది. ఇప్పపూలు రాలే రోజులు. చెట్ల కింద నేల ఊడ్చి, ఆడవాళ్ళు బుట్టల్లోకి పూలు ఏరుతున్నారు. ఆ వాసన కారులోకి వచ్చి కూర్చుంది, కాస్త తీపి, కాస్త మత్తు. మా వైపు పొలం గట్ల మీద నిలబడి పేర్లు చెప్పే చెట్లు ఐదో ఆరో ఉంటాయి. ఇక్కడ ఏ చెట్టు పేరు అడగాలన్నా భయమేసింది, అన్నీ తెలిసినవాళ్ళు నవ్వుతారేమోనని.

ఒక మలుపులో రోడ్డుకు అడ్డంగా వెదురు బొంగు. దాని వెనక పదిమంది ఆడవాళ్ళు భుజాల మీద చేతులేసుకుని, ఒకే అడుగు వేస్తూ రేలా పాట పాడుతున్నారు. డబ్బులిస్తే గాని బొంగు లేవదు. యాకూబ్ ఇరవై తీసి ఇచ్చాడు. వాళ్ళు కారులోకి తొంగి నన్ను చూసి, ఇంకో ఇరవై అన్నారు. నా వయసుకో, నా కళ్ళజోడుకో ఆ రెండో ఇరవై.

ఏం పండగని అడిగాను. మామిడి పండగ అన్నారు. కన్నమ్మ ఊరి పేరు చెప్పి, వాళ్ళది కూడా ఇవాళేనా అన్నాను. బొంగు పట్టుకున్నామె నన్ను జాలిగా చూసింది. "మాది ఇయ్యాల. కింది ఊరోళ్ళది పోయిన ఐతారం. వాళ్ళది వాళ్ళకే ఎరుక," అంది.

ఒక్కో ఊరికి ఒక్కో రోజు. ఈ చిన్న విషయం నా రెండు పేజీల్లో ఎక్కడా లేదు. మా వైపు పండగంటే క్యాలెండరులో ఎర్ర అంకె. ఆ అంకె చూసే ఉద్యోగం చేశాను, ఆ అంకె చూసే గడి నింపాను. దారిపొడుగునా యాకూబ్‌ని తొందరపెట్టాను. "జల్దీ పోతే పండగ ఆగుతదా, మేడం?" అని అతను గేరు కూడా మార్చలేదు.

కన్నమ్మ ఇల్లు

పండగ కాలేదు. వాకిట్లోనే కన్నమ్మ ఆ మాట చెప్పగానే నేను అరుగు మీద కూర్చున్నాను. మట్టిగోడలు, పైన పెంకులు, ముందు పేడతో అలికిన వాకిలి. భర్త మిర్చి ఏరడానికి ఖమ్మం వైపే వెళ్ళాడట. ఇంట్లో కన్నమ్మ, ఆమె అత్త ముత్తమ్మ. ముత్తమ్మకు ఎనభై ఉంటాయి, ఎవరూ లెక్క పెట్టలేదు. ఊరి ఆడవాళ్ళందరిలో పెద్దది. పండగలో మొదటి ముక్క తినేది ఆమే. తెలుగు తక్కువ మాట్లాడుతుంది, వినడం మాత్రం అంతా వింటుంది.

పన్నెండు ఖాయమేనా అని అడిగాను. "టెంక ముదరాలె మేడం. పటేల్ కాయ కోసి చూసి చెప్తడు. పన్నెండు దాటదని మా అందాజ," అంది కన్నమ్మ. అందాజను నేను బెల్జియం దాకా పంపాను. కాని దాటదు అంది కదా, ఇంకా పది రోజులుంది కదా అని కొంచెం ధైర్యం తెచ్చుకున్నాను.

పక్కింట్లో బాలింతను చూసొస్తానని కన్నమ్మ వెళ్ళింది. ముత్తమ్మ సొరబుర్రలోంచి జావ పోసి ఇచ్చింది, పుల్లగా, చల్లగా. ఎండలో వచ్చినవాళ్ళకి అంతకన్నా మంచిది ఈ భూమ్మీద లేదు. ఆమె పెట్టింది తిని ఊరుకుంటే నేను నేను కాదు. నా క్యారియరు విప్పాను. పెరుగన్నం కలిపి, ఆమె పళ్ళెంలో పెట్టాను. సీసా మూత తీసి, నూనె కారుతున్న మామిడి ముక్క ఒకటి, ప్రేమగా, పెద్దది ఏరి మరీ, ఆ అన్నం మీద పెట్టాను.

ముత్తమ్మకు కళ్ళు సరిగా ఆనవు. ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. ఒకసారి నమిలి ఆగిపోయింది. అలాగే లేచి గోడ పట్టుకుని బయటికి వెళ్ళి, ఉమ్మేసి, కుండలో నీళ్ళతో నోరు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. తిరిగి లోపలికి రాలేదు. చూరు కింద మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. కారం ఎక్కువైందనుకున్నాను. మా వదిన చెయ్యి అంతే అవ్వా అని నవ్వాను కూడా.

కన్నమ్మ వచ్చింది. అత్తను చూసింది, పళ్ళెం చూసింది, సీసా చూసింది.

"ఏంది మేడం ఇది? కొత్త కాయనా?"

అప్పుడు గుర్తొచ్చింది. నేను రాసిన పేజీలో పైనుంచి నాలుగో వరుస.

పటేల్ వాకిట్లో

ఈ ఊరికి పటేల్, పూజారి ఒకరే, భీమయ్య. సన్నటి మనిషి, భుజాన తువ్వాలు. ఆయన వాకిట్లో ఏడెనిమిది మంది పెద్దలు కూర్చున్నారు. కన్నమ్మ అత్తను పట్టుకొచ్చి కూర్చోబెట్టింది. వాళ్ళంతా కోయ భాషలో మాట్లాడుకుంటుంటే నాకు అర్థమయినవి రెండే మాటలు, ఖమ్మం, పచ్చడి. యాకూబ్ నా వెనకే నిలబడి, బండి తిప్పి పెట్టమంటారా అని మెల్లగా అడిగాడు.

వాళ్ళు తిడితే బాగుండేది. తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. ఎవరూ తిట్టలేదు. నేనే ఉండబట్టలేక లేచాను. పోయినేడు పెట్టిన పచ్చడి తినడానికి మీకు అడ్డు లేదు కదా, ఇదీ పాతదే అనుకోండి, అవ్వకి తెలియక జరిగింది, మింగలేదు కూడా, తప్పంటే నాది, ఆమెది ఎలా అవుతుంది అని కాలేజీ స్టాఫ్ మీటింగులో వాదించినట్టు వరసగా వాదించాను. కన్నమ్మ కోయలోకి మార్చి చెప్పింది. ఒకరిద్దరు తలలూపారు. భీమయ్య కూడా, పోనీలే పాతదే అన్నట్టు ముత్తమ్మ వైపు చూశాడు.

ముత్తమ్మ తెలుగులోనే చెప్పింది, నాకు అర్థం కావాలని.

"కొత్తదో పాతదో నా నాలికకు తెల్వదా?"

వాదన అక్కడితో అయిపోయింది. ఆమెకు ఎవరూ శిక్ష వెయ్యలేదు. ఆమే వేసుకుంది. పండగ అయ్యి, ముత్యాలమ్మ తల్లికి చూపించి, అందరితో కలిసి తిన్నాకే తన నోట్లోకి ముద్ద పోతుందంది. అప్పటిదాకా నీళ్ళు. ఆమె చిన్నప్పుడు ఇలాగే జరిగితే వాళ్ళ నాయనమ్మ అదే చేసిందట.

పండగ పన్నెండున. ఆ రోజు రెండో తారీఖు.

మూడో తారీఖు

ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. వెళ్ళమని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. పొద్దున కన్నమ్మ అత్త చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. పడిపోయింది. జావైనా తాగమని బతిమాలింది, ముసలామె మొహం పక్కకు తిప్పుకుంది. దవాఖానాకు తీసుకుపోదాం, కారు ఉంది కదా అన్నాను. అక్కడ సూది గుచ్చి ఎక్కించేది కూడా తిండే అని ముత్తమ్మ చెప్పిందట. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో నా నోరు ఇంత తేలికగా ఎవరూ మూయించలేదు.

కన్నమ్మ పట్టీ విప్పుతూ, నన్ను చూడకుండా అడిగింది. "మా పండగ గురించి పేజీ రాసిన అన్నరు గదా మేడం. ఏం రాసిన్రు? చదువుండ్రి, వింట."

కాగితం సంచిలోంచి తీశాను. ఇంగ్లీషు వాక్యాలు ఒక్కొక్కటే తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను. నాలుగో వరుస దగ్గర ఆగాను. దాటేద్దామనుకున్నాను, దాటలేకపోయాను. ఈ పండగ చేసేదాకా కోయవాళ్ళు కొత్త మామిడికాయను నోట పెట్టరు.

"మంచిగ రాసిన్రు," అంది కన్నమ్మ. లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఎండ ఎక్కకముందే భీమయ్య కత్తి తీసుకుని చెట్టు దగ్గరికి వెళ్ళాడు. నన్నూ రమ్మన్నాడు. ఒక కాయ కోసి, నిలువునా పెట్టి కత్తి దించాడు. కత్తి మధ్యలో ఆగింది. లేత టెంకైతే జారిపోయేదట. ఆగింది కాబట్టి పట్టింది. మళ్ళీ బలంగా నొక్కి, రెండు చెక్కలూ నా ముందుకు చాపి చూపించాడు. లోపల తెల్లగా, అంచు మాత్రం గట్టిగా, గోరు దిగకుండా ఉంది.

"టెంక పట్టింది. చేస్తే రేపు చేసుకోవచ్చు," అన్నాడు. "కాని కన్నమ్మ నోట నీకు పన్నెండని మాట పోయింది. అది మా ఊరి మాట. నీ చుట్టాలు దూరం నుంచి వస్తున్రట. నువ్వు ఆగమంటే ఆగుతం. ముసల్దాన్ని నువ్వే ఒప్పియ్యాలె."

నిజం చెప్పాలంటే లెక్కలే వేశాను. తొమ్మిది రోజులు ముసలామె ఎలాగూ ఆగదు, కాని ఒప్పిస్తే? రెండు రోజులయ్యాక ఆకలి తనే ఒప్పిస్తే? యాన్ కళ్ళు, తమ్ముడి షట్టరు, ఎల్సా రాసిన ఉత్తరం, అన్నీ ఒకేసారి వచ్చి నిలబడ్డాయి. వాళ్ళు అడిగింది ఇదే కదా, ఎవరి కోసమూ ఏర్పాటు చెయ్యని పండగ. ఇప్పుడు నేను ఆగమంటే అది వాళ్ళ కోసం ఏర్పాటు చేసిన పండగే అవుతుంది. ఒక ముసలామె పస్తు మీద ఏర్పాటు చేసింది. దానికన్నా ఆ డ్రెస్సుల ట్రూపే నయం.

"రేపే చేసుకోండి పెద్దయ్యా," అన్నాను.

ఆయన మళ్ళీ అడగలేదు. పన్నెండన్న మాట తీరిపోయిందన్నట్టు తువ్వాలు దులుపుకుని, డోలు వాళ్ళకు కబురు పెట్టడానికి వెళ్ళిపోయాడు. నా ఒక్క సీసా వల్ల పండగ ఎనిమిది రోజులు ముందుకొచ్చింది. నా చుట్టాలు దిగేసరికి ఐదు రోజులు పాతబడుతుంది.

నాలుగో తారీఖు

పండగ గురించి మీరు పెద్ద వర్ణన ఆశిస్తే నిరాశే. పొద్దున్నే మగవాళ్ళు కాయలు దించారు. ముత్యాలమ్మ తల్లి ముందు తరిగి పెట్టారు, కోడిని కోశారు. భీమయ్య చనిపోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే పిలిచాడు, గుమ్మంలో నిలబడి అన్నానికి పిలిచినట్టు. డోళ్ళు మోగాయి. ఆడవాళ్ళు వరస కట్టి పాట ఎత్తుకున్నారు. ఫోటోలు తీసుకోమని భీమయ్య అన్నాడు గాని నేను ఒక్కటీ తియ్యలేదు. నా కళ్ళు ముత్తమ్మ మీదే ఉన్నాయి. ఆమె గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకుంది. రెండు రోజులు నీళ్ళ మీద ఉన్న మనిషి. ఆ పేర్లు పిలవడం ఎంతకీ అయ్యేట్టు లేదు. కన్నమ్మ ఆమె మణికట్టు పట్టుకునే కూర్చుంది.

చివరికి మొదటి ముక్క తెచ్చి ముత్తమ్మ చేతిలో పెట్టారు. నోట్లో పెట్టుకుంది. నమిలింది. అందరూ చూస్తున్నారు.

"ఉప్పు," అంది.

ఎవరో పరిగెత్తారు. పప్పు, అన్నం, మాంసం వచ్చాయి. మెల్లగా తిన్నది, మధ్యలో ఆగుతూ, కన్నమ్మ కసురుకుంటూ ఉంటే తిన్నది. నాకూ ఆకులో పెట్టారు. అంత పుల్లటి కాయ నేను ఎప్పుడూ తినలేదు, అంత ఇష్టంగానూ తినలేదు. తిన్నాక ముత్తమ్మ నన్ను వేలితో పిలిచి, సీసా ఏదని అడిగింది. కారు డిక్కీలో దాచాను, ఊళ్ళో పెట్టడానికి భయపడి. యాకూబ్ తెచ్చాడు. ఒక ముక్క తీసి చప్పరించింది.

"నూనె ఎక్కువ."

మా వదినకు ఈ మాట ఇంతవరకు చెప్పలేదు. ధైర్యం చాలడం లేదు.

సిగ్నల్ దొరికినచోట

దుమ్ముగూడెం దగ్గరికొచ్చాక ఫోనుకు ప్రాణం వచ్చింది. తమ్ముడివి పదకొండు మిస్డ్ కాల్స్. జరిగింది చెప్పాను. ట్రూపు వాళ్ళకి అడ్వాన్సు పంపనా అన్నాడు. వద్దన్నాను. మనకి వేరే దారేముందక్కా అన్నాడు. లేదన్నాను. వాడు ఫోన్ పెట్టేశాడు. వాణ్ణి తప్పుపట్టలేను, ఆ షట్టరు కింద నిలబడేది వాడు.

గోదావరి కనిపించేచోట కారు ఆపించి ఎల్సాకు ఫోన్ చేశాను. ఇంగ్లీషు టీచర్ని, ఎంత జాగ్రత్తగా వాక్యాలు పేర్చుకున్నానో, అంత గందరగోళంగా చెప్పాను. పండగ అయిపోయింది, మీరు రాకముందే, నా వల్లే. మీ డబ్బు సంగతి మా తమ్ముడు చూస్తాడు. యాన్ గొంతు కాబోలు, వెనక ఏదో అడుగుతోంది. ఎల్సా అతనికి వాళ్ళ భాషలో చెప్పింది, పచ్చడి సంగతి కూడా చెప్పిందనుకుంటా, చాలాసేపు పట్టింది. తర్వాత నన్ను ఒకటే అడిగింది, ఆ పెద్దావిడ తిన్నదా అని. తిన్నదన్నాను. ఆలోచించుకుని రాస్తామంది.

రెండు రోజులు ఏమీ రాలేదు. ఆ రెండు రోజులు నేను ఇంట్లో ఎవరితోనూ వాదించలేదని, ఒంట్లో బాగాలేదేమోనని మా ఆయన డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాడు.

మూడో రోజు ఉత్తరం వచ్చింది. వస్తున్నారు. నాలుగో రోజు గడిలో ఏమీ రాయొద్దన్నారు. ముత్తమ్మ ఒప్పుకుంటే ఆమె వాకిట్లో కూర్చుంటారు, ఒప్పుకోకపోతే లేదు. పండగ చూడలేకపోయినందుకు బాధగానే ఉందని, బాధ లేదని అబద్ధం చెప్పనని ఎల్సా రాసింది. కింద యాన్ ఒక ప్రశ్న చేర్చాడు. మేము వెంట తేకూడనివి ఏమిటి?

నేను పంపిన రెండు పేజీల్లో చూడదగ్గవి ఉన్నాయి, తినదగ్గవి ఉన్నాయి, ఆఖరికి కట్టుకోవాల్సిన బట్టలు కూడా ఉన్నాయి. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం లేదు. కన్నమ్మకు ఫోన్ చేశాను. తనకు తోచినవి చెప్పి, మిగతావి అత్తను అడిగి చెబుతానంది. వాళ్ళు రావడానికి ముత్తమ్మ ఒప్పుకుంది, ఆమె ఒక్కొక్కటే చెబుతుంటే కన్నమ్మ తెలుగులో అందించింది. నేను రాసుకున్నాను. కొత్త చిక్కుడుకాయ ఉంది అందులో, దానికి పండగ ఇంకా చాలా దూరం. చెప్పులతో ఎక్కకూడని అరుగు ఉంది. పేరుపెట్టి పిలవకూడనివాళ్ళున్నారు. ఒక్కదానికీ నా వివరణ చేర్చకుండా, చెప్పింది చెప్పినట్టు పంపించాను.

రేపు దిగుతున్నారు. నాకు ఇంకా అన్నం సయించడం లేదు. ఆ జాబితా సరిపోతుందా, ఏమైనా తప్పిపోయిందా అని పూటపూటకీ కన్నమ్మకు ఫోన్ చేస్తున్నాను. సిగ్నల్ అందినప్పుడల్లా పాపం ఎత్తుతోంది. ఇవాళ పొద్దున మాత్రం విసుక్కుంది.

"వాళ్ళకు ఎరుక లేదు, అడిగి తెలుసుకుంటున్రు మేడం. రాసి పెట్టుకొని మర్చిపోయేది మీరే. మీరు యాదుంచుకోండ్రి చాలు."